బర్రెకు ఏడు గింజలు

5 జులై 2009, ఆదివారం

ఈ పుస్తకం నాది. అట్ట మీద పేరు నేనే రాశాను. జములమ్మ. "ము" కొంచెం లావుగా వచ్చింది. ఉండనీ.

పొద్దున మా మహిళా సంఘం మీటింగుకు వనపర్తి నుంచి శివశంకర్ సారు వచ్చాడు. ఏదో పర్యావరణం సంస్థ. కట్టెలు కాల్చినా, కిరోసిన్ దీపం పెట్టినా, బల్బు వేసినా, బస్సెక్కినా, ఆఖరికి బర్రె నెమరు వేసినా గాలిలోకి గ్యాసు పోతుందట. అందరి గ్యాసూ కలిసి పైన దుప్పటిలాగా పరుచుకుంటుందట. దాని కింద భూమికి ఉక్కపోస్తుందట. వానలు దారి తప్పడానికి అదీ ఒక కారణమట.

నాకు అక్కడే గుండెదడ మొదలైంది. మృగశిర పోయింది. ఆరుద్ర ఇవాళ్టితో పోతోంది. పత్తి గింజ పెట్టినవాళ్ళందరూ ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి తెచ్చుకున్నారు. నేను రోజుకు ఎన్నిసార్లు పొయ్యి ముట్టిస్తానో నాకు తెలుసు. సారు "మనందరి పొగ" అనే అన్నాడు. కానీ నా వైపు చూసి అన్నాడు.

ఊళ్ళో అయిదిళ్ళకు పుస్తకాలు ఇచ్చాడు. ఇరవై ఒక్క రోజులు ఇంట్లో ఏం చేసినా దాని గ్యాసు రాయాలి. నిజం రాయాలి. రోజురోజుకూ తగ్గించాలి. ముసలివాళ్ళలో పుస్తకం దక్కింది నాకు, పక్కింటి కాంతమ్మకు. ఇద్దరం వయోజన విద్య సెంటరులో ఒకే పలక మీద దిద్దినవాళ్ళం.

లెక్క చింతగింజలతో. అరకిలో గ్యాసుకు ఒక గింజ. డబ్బాలో వేయాలి, పుస్తకంలో రాయాలి. వెనక అట్టకు బొమ్మల చార్టు అంటించి ఉంది.

కిలో కట్టెలు (నాలుగు పేళ్ళు): 3
కిరోసిన్ పావు లీటరు: 1
కరెంటు ఒక యూనిట్: 2
వనపర్తికి బస్సు, పోనూ రానూ: 4
పెట్రోలు లీటరు: 5
బర్రె: 7

నా పేరు ఏ తల్లిదో ఆ గద్వాల జములమ్మ మీద ఒట్టు. ఒక్క గింజ తప్పు వేయను. రేపే మొదలు!

6 జులై, సోమవారం

పుస్తకంలో పొద్దుటికి ఒక గీత, సాయంత్రానికి ఒక గీత కొట్టుకున్నాను, పాలకేంద్రం పుస్తకంలో ఉన్నట్టే. చూడటానికి చక్కగా ఉంది.

5.00 పొయ్యి. నీళ్ళకాగు పెట్టాను.
5.30 బర్రెను పితికాను. బర్రె 7.
7.00 జొన్నరొట్టెలు, పప్పు.
10.00 చుట్టాలెవరైనా వస్తే చాయకు ఆలస్యమవుతుందని పొయ్యిలో రెండు పేళ్ళు ఉంచాను. ఎవరూ రాలేదు.
4.30 మళ్ళీ పాలు. బర్రె 7.
6.30 అన్నం. పాలు కాచాను. విరుగుతాయేమోనని ఇంకోసారి కాచాను.

కట్టెలు 12, బర్రె 14, కరెంటు 2, కిరోసిన్ 1. మొత్తం 29. రెండుసార్లు కూడాను. 29 ఏ!

అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇంత లెక్క చేస్తానని ఎవరనుకున్నారు?

7 జులై, మంగళవారం

తగ్గించడం మొదలు.

కోడలు వసంత సీరియల్ చూస్తుంటే టీవీ బంద్ చేశాను.

"ఏందత్తా గిది?"

"గ్యాసు."

"టీవీకి గ్యాసేంది? పొయ్యికి గదా గ్యాసు?"

"కరెంటుకు గూడ ఉంటది. ఎక్కడో బొగ్గు కాలుస్తరంట. సారు చెప్పిండు."

"మరి గట్లనే నీ నీళ్ళకాగు గూడ బంద్ చెయ్. పొద్దుమూకులు మండుతనే ఉంటది."

నేను విననట్టు లోపలికి పోయాను. ఇవాళ 27. రెండు తగ్గాయి! ఇట్లా తగ్గుతూ పోతే ఇరవై ఒకటో రోజుకు సున్నా కంటే కిందికి పోతామా? సారును అడగాలి.

8 జులై, బుధవారం

5.00 చన్నీళ్ళ స్నానం. నీళ్ళకాగు పెట్టలేదు. శభాష్ జములమ్మా!
5.20 వణుకు.
6.00 జ్వరం వస్తుందేమో. మిరియాల కషాయం. పొయ్యి.
8.00 జ్వరం రాలేదు. వస్తుందేమో. ఇంకో కషాయం.
11.00 అల్లం కషాయం. దీనికి పేళ్ళు కొంచెం ఎక్కువ పట్టాయి.

మొత్తం 31. చన్నీళ్ళు పొదుపు కాదు. రేపటి నుంచి వేడినీళ్ళే.

9 జులై, గురువారం

పొద్దున గుండెదడ. లెక్క పెరిగిందని దిగులు, దిగులుకు దడ. వనపర్తి దవాఖానకు పోయాను. బస్సు 4. డాక్టరమ్మ చూసి, "ఏం లేదవ్వా, దేనికన్న రంది పెట్టుకున్నవా?" అంది. గ్యాసు గురించి నా దిగులంతా చెప్పాను. కడుపుకు మాత్ర రాసిచ్చింది. వాడలేదు.

మొత్తం 31.

11 జులై, శనివారం

నిన్న 28. ఇవాళ 28. నిలకడగా ఉంది. బాగుంది!

వాన లేదు. సాయంత్రం తూర్పున ఒక మబ్బు కనిపించింది. నా పొయ్యి చూసే అది ఆగిపోయిందేమోనని పొగగొట్టం దగ్గర నిలబడి చాటతో విసిరాను. వసంత చూసింది. ఏమీ అనలేదు. అదే భయం.

12 జులై, ఆదివారం

సారు వచ్చాడు. సాయంత్రం పాలు పితికాక అయిదిళ్ళ డబ్బాలు మా అరుగు మీద ఒలికించి లెక్కపెట్టాడు. వారానికి మావి 206. (ఆదివారం కోడికూర, అందుకే ఇవాళ 32.) కాంతమ్మవి 154. తక్కినవి ఇంకా తక్కువ.

ఊరికంతా ఎక్కువ గ్యాసు మా ఇంటిదే!

సారు తొందరలో ఉన్నాడు. పుస్తకం తిప్పలేదు. "పెద్దమ్మా, అన్నిట్ల దేనియి ఎక్కువ?" అని అడిగాడు. "బర్రెవి సారూ. తొంభై ఎనిమిది" అన్నాను. "మరి అదే. బర్రెతో జర ఎక్కువనే ఉంటది" అని చెప్పి మోటర్ సైకిల్ ఎక్కాడు. మళ్ళీ ఇరవై ఆరున వస్తాడట.

సారు అట్లా పోయాడో లేదో, వసంత నా కొడుకు కురుమూర్తి ముందు నిలబడింది.

"ఇన్నవా? సారే చెప్పిండు. నేను జెప్తే ఎవ్వరినవు. వానల్లేవు, గడ్డి లేదు. కాలువ గట్టు దాకా పోయి గీక్కొస్తున్న. ఆ బర్రెను పెబ్బేరు సంతకు కొట్టుకపో."

కురుమూర్తి నా ముఖం చూడకుండా చెప్పాడు. "శనివారం సంత. చూద్దాం."

చూద్దాం అంటే వాడి భాషలో అమ్మేద్దాం అని. వాణ్ణి కన్నదాన్ని, నాకు తెలియదా?

బర్రె పోతే పొద్దున అయిదింటికి నేను లేచి ఎక్కడికి పోవాలి? పాలకేంద్రంలో నా పేరు ఎవరు పిలుస్తారు? పత్తిచేనుకు వంగలేను. కూలికి ఎవరూ పిలవరు. ఈ ఇంట్లో నేను చేసే పని ఆ బర్రె ఒక్కటే. అది పోతే నేను తిని కూర్చునేదాన్ని. తిని కూర్చునేదాన్ని ఎన్నాళ్ళు చూస్తారు?

నేనే డబ్బా తెచ్చాను. నేనే గింజలు వేశాను. నా చేతిరాతతోనే నా బర్రెను సంతకు పంపుతున్నాను.

13 జులై, సోమవారం

బర్రె ఇవాళ తక్కువ నెమరు వేసింది. నేను చూశాను. అందుకని పొద్దున 5, సాయంత్రం 4. ఇది అబద్ధం కాదు. చూసి రాసింది.

14 జులై, మంగళవారం

బర్రె: పొద్దున 3, సాయంత్రం 2.

కురుమూర్తి మోటర్ సైకిల్: 10. వాడు పోయింది మూలమలుపు హోటలుకే. కానీ కిక్కు కొట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ పొగంతా ఎవరు రాస్తారు?

వసంత సెల్‌ఫోను చార్జింగు: 3.

జములమ్మ తల్లికి కోపం వస్తుందేమో. రాదు. ఆమె కూడా ఆడదే.

15 జులై, బుధవారం

బర్రె: 2. రోజంతా కలిపి. పడుకునే ఉంది పాపం.

టీవీ: 6. ఇవాళ సీరియల్‌లో ఏడుపు ఎక్కువ, సౌండు ఎక్కువ.

వసంత తలంటు: 5.

మొత్తం మామూలు కంటే తగ్గలేదు, కానీ ఇప్పుడు తప్పెవరిదో తెలుస్తోంది. పుస్తకం తీసి వాకిట్లో అందరికీ కనిపించేట్టు పెట్టాను. ఎవరూ చదవలేదు. అందరికీ చదువొస్తుంది ఇంట్లో, ఎవరికీ తీరిక లేదు.

16 జులై, గురువారం

11.00 కాంతమ్మ ఇంటికి పోయాను. ఆమెకు రెండు బర్రెలు. నాకు ఒక్కటే. అయినా ఆమెవి తక్కువ గింజలు. ఎట్లా? ఆమె కూడా నాలాగే తీసేస్తోందేమో! ప్రార్థనకు పోయే మనిషి!

పుస్తకం చూపించమన్నాను. చూపించింది. బర్రెల దగ్గర వారానికి తొంభై ఎనిమిది.

"రెండిటికి తొంభై ఎనిమిదా చెల్లె? నాకు ఒక్కదానికే తొంభై ఎనిమిది గదా!"

"నీది బర్రెనా అక్కా, ఏనుగా?"

"పొద్దున ఏడు, మాపు ఏడు. గట్లనే గదా ఎయ్యాలె?"

"పొద్దునేంది, మాపేంది? దినానికి ఏడని సారు చెప్పలే?"

"పాలు రెండు పూటలు పితుకుతం గదనే."

కాంతమ్మ నవ్వలేక నోట్లో కొంగు కుక్కుకుంది. "పితికితే వొస్తదా అక్కా గ్యాసు? అది నిద్రపోయినా ఇడుస్తది. నువ్వు పితికినా పితకకున్నా ఇడుస్తది."

ఇన్నేళ్ళుగా పాలకేంద్రంలో పొద్దుటిది వేరే, సాయంత్రంది వేరే రాయించినదాన్ని. బర్రె పేరు కనిపిస్తే నా చేయి రెండుసార్లు పోతుంది. నా తప్పేముంది?

తప్పంతా నాదే.

2.00 చెప్పాలా? చెప్తే వసంత నవ్వుతుంది. వయోజన విద్య సర్టిఫికెట్టు గోడకు తగిలించింది నేనే, దాని కిందే నిలబడి నవ్వుతుంది. చెప్పకపోతే ఎల్లుండి బర్రె పోతుంది.
3.00 చెప్తాను.
3.10 రేపు చెప్తాను.

17 జులై, శుక్రవారం

చెప్పాను. వసంత నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

కాగితం తీసుకుని లెక్క వేసింది. "బర్రెయి సగమైతే నలభై తొమ్మిది. మొత్తం నూటయాభై ఏడు. కాంతమ్మత్తవి ఎన్ని?"

"నూటయాభై నాలుగు."

"వాళ్ళకు రెండు బర్రెలు. మనకు ఒక్కటి. అయినా మనయే మూడెక్కువ. ఆ ఎక్కువంత దేనిది అత్తా?"

నేను కొట్టం వైపు చూశాను. బర్రె నెమరు వేస్తోంది. అది నాకేమీ సాయం చేయలేదు.

వసంత పొయ్యి వైపు చేయి చూపించింది. మధ్యాహ్నం రెండు. వంట ఎప్పుడో అయిపోయింది. పొయ్యిలో రెండు పేళ్ళు మండుతున్నాయి. చుట్టాలెవరైనా వస్తే చాయకని.

18 జులై, శనివారం

ఇవాళ సంతకు పోలేదు! ట్రాలీ దొరకలేదట. (జములమ్మ తల్లీ, దండం.)

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. వసంత చెప్పింది. "నాకు బర్రె మీద కోపం లేదు అత్తా. గడ్డికి నేనే పోవాలె, గుట్టకు కట్టెలకు నేనే పోవాలె. రెండు మోపులు ఒక్క మెడ మీద మోస్తున్న. రెండిట్ల ఒకటి తగ్గాలె. ఏది తగ్గిస్తవో నువ్వే చెప్పు."

నిజం. మోపులు మోసి ఆమె మెడ మీద కాయలు కాసి ఉన్నాయి. నేను రోజూ చూస్తున్నదే. గింజల్లో అది లేదు.

కురుమూర్తి డబ్బా పట్టుకుని గలగలలాడించాడు. "బర్రె గాదమ్మా. నీ రందినే గ్యాసు ఇడుస్తున్నది. పాలు విరుగుతయని రెండు సార్లు కాస్తవ్. చుట్టాలొస్తరని పొయ్యి ఆర్పవ్. పామొస్తదని పగటేళ బల్బు ఆర్పవ్. దడ అని బస్సెక్కుతవ్."

"నాకు రంది లేకుంటే ఈ ఇల్లు ఎట్ల నిలుస్తదిరా?"

"జర చల్లగ నిలుస్తది."

ఒప్పందం అయింది. వచ్చే శనివారం దాకా రోజుకు రెండు కిలోల కట్టెలు, అంటే ఆరు గింజలు. ఒక్క పేడు దాటకూడదు. దాటకపోతే వసంతకు గుట్ట దారి సగం తగ్గుతుంది, బర్రె ఉంటుంది. దాటితే పెబ్బేరు.

పుస్తకంలో వెనకటి పేజీలు కొట్టేశాను. సెల్‌ఫోను 3 కొట్టేశాను. సీరియల్ ఏడుపు కొట్టేశాను. రేపటి నుంచి అసలైన మొదలు.

19 జులై, ఆదివారం

పొద్దున ఒక్కసారే వంట. రొట్టెలు, పప్పు, పాలు, నీళ్ళు, అన్నీ ఒక మంట మీద. తర్వాత పొయ్యి మీద నీళ్ళు చల్లాను.

కట్టెలు 6! బర్రె 7! కరెంటు 1! కిరోసిన్ 1! మొత్తం 15!!

వసంత గుట్టకు పోలేదు ఇవాళ. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చింది. పెళ్ళయి వచ్చిన తర్వాత ఆమె పగలు పడుకోగా చూడటం ఇదే మొదలు.

20 జులై, సోమవారం

15. మళ్ళీ 15!

కాంతమ్మ అడిగింది, "ఏం మందు పెట్టినవక్కా పొయ్యికి?" అని. గొప్పగా నవ్వాను.

ఒక చుట్టం వచ్చాడు. కురుమూర్తి మేనమామ కొడుకు. చాయ ఇవ్వలేదు. మజ్జిగ ఇచ్చాను. తాగి పోయాడు. ఏమీ మునిగిపోలేదు. ఇన్నేళ్ళూ ఎవరి కోసం ఆ పొయ్యి మండించానో!

21 జులై, మంగళవారం

15.

టీవీలో చెప్పారు. రేపు అమావాస్య, సూర్యగ్రహణం. తెల్లవారగానే. ఇట్లాంటిది మళ్ళీ వందేళ్ళకు గానీ రాదట.

ముందు సంతోషించాను. గ్రహణంలో పొయ్యి వెలిగించరు కదా, గింజలు మిగులుతాయి అనుకున్నాను.

తర్వాత సంతోషం తగ్గింది. సూర్యుడు లేస్తూనే మూతపడితే బర్రె బెదిరి పాలు ఎగబెడుతుందా? ఊరగాయలు పాడవుతాయా? గ్రహణం అయ్యాక ఇంటిల్లిపాదికీ తలస్నానం చేయించాలి. చన్నీళ్ళతో ఎట్లా? కురుమూర్తికి తుమ్ములు. జ్వరం వస్తే?

22 జులై, బుధవారం. గ్రహణం

4.30 గ్రహణం పట్టకముందు స్నానం చేయాలి. నీళ్ళకాగు పెట్టాను. అందరికీ.
5.15 పొయ్యి ఆర్పాను. ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద, పాలచెంబు మీద గరిక వేశాను. బర్రె మెడకు గరిక కట్టాను. అది తినేసింది. మళ్ళీ కట్టాను.
5.50 సూర్యుడు వచ్చాడు. కొరికిన రొట్టెలాగా ఉన్నాడు. బల్బులన్నీ వేశాను.
6.20 ఇత్తడి పళ్ళెంలో రోకలి నిలబడింది! వసంత కూడా వచ్చి చూసింది.
6.40 బర్రె బెదరలేదు. నెమరు వేస్తోంది. బెదిరింది నేనే.
7.30 విడిచింది! నీళ్ళకాగు. అందరికీ రెండో స్నానం.
8.00 ఇల్లు కడిగాను. వేడినీళ్ళతో, గ్రహణం దోషం కదా.
8.30 రాత్రి మిగిలిన అన్నం పారేశాను. మళ్ళీ వండాను.
9.00 పాలు కాచాను. గరిక సరిగ్గా పడలేదేమోనని అనుమానం. ఇంకోసారి కాచాను.
10.00 కురుమూర్తి తుమ్మాడు. కషాయం.
10.30 నాకు దడ. నాకూ కషాయం.
12.00 పేళ్ళు లెక్కపెట్టాను. ముప్పై ఆరు. అంటే తొమ్మిది కిలోలు. ఇరవై ఏడు గింజలు.

గ్రహణంలో రెండు గంటలు పొయ్యి వెలిగించలేదు. ఆ ఒక్కటీ నా పొదుపు.

23 జులై, గురువారం

పుస్తకంలో నిన్నటి లెక్క ఎట్లా రాయాలా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఒకటి: గ్రహణం నాడు గింజలు లెక్కలోకి రావు. శాస్త్రంలో ఎక్కడో ఉండే ఉంటుంది.
రెండు: వందేళ్ళకొకసారి వచ్చేదాన్ని వందేళ్ళకు పంచాలి. అప్పుడు రోజుకు ఏమీ రాదు.
మూడు: కషాయం మందు. మందుకు గ్యాసు ఉండదు.

మూడూ వసంతకు చెప్పాను. ఆమె కట్టెల గూడు దగ్గరికి తీసుకుపోయి చూపించింది. ఖాళీ.

"శనివారం దాకా సరిపోతదనుకున్న మోపత్తా. ఒక్క పొద్దుల అయిపోయింది. నేను మళ్ళ గుట్టకు పోవాలె."

కొడవలి, తాడు తీసుకుని పోయింది. కోప్పడలేదు. ఆ నడకకు నా పుస్తకంలో ఎన్ని గింజలు వేయాలి?

24 జులై, శుక్రవారం

ట్రాలీ దొరికింది.

పుస్తకం రాయాలనిపించలేదు. బర్రె 7.

25 జులై, శనివారం

6.00 నేనూ ట్రాలీ ఎక్కాను. కురుమూర్తి వద్దన్నాడు. "బర్రె నన్ను చూడకపోతే నిలబడదురా" అన్నాను. అది నిజం.

8.30 పెబ్బేరు సంత. ఎన్ని బర్రెలు, ఎన్ని ఎద్దులు! గడ్డి లేనివాళ్ళంతా ఇక్కడే ఉన్నట్టున్నారు. అందరి ముఖమూ ఒకటే.

9.15 మల్దకల్ నుంచి ఒకాయన వచ్చాడు. పళ్ళు చూశాడు, పొదుగు చూశాడు. బాగా నచ్చింది ఆయనకు.

"ఎన్ని లీటర్లిస్తదవ్వా?"

కురుమూర్తి నోరు తెరిచాడు. వాడు పూటకు నాలుగు అంటాడని నాకు తెలుసు. సంతలో అందరూ అదే అంటారు. నేను ముందే చెప్పేశాను.

"పొద్దున రెండు. మాపు ఒకటిన్నర. గడ్డి ఉంటేనే."

"తన్నుతదా?"

"కొత్త చెయ్యి పడితే తన్నుతది. నా కోడలును రెండు మాట్ల తన్నింది. ఒకమాటు చెంబు సొట్టబోయింది."

కురుమూర్తి నా కాలు తొక్కాడు. ఆయన ఇంకా పోలేదు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉరిమితే పాలు చేపదు. నేను పక్కకు లేకుంటే మేత ముట్టదు. మనాది పెట్టుకుంటది. నేను నాగర్‌కర్నూల్ పెండ్లికి పోతే మూడు దినాలు ఎండిపోయింది. అద్దో, ఎడమదిక్కు వెనక చన్ను సన్నధార. ఇగ గ్యాసు దినానికి ఏడు గింజలు."

"గింజలేంది?"

సంచిలోంచి పుస్తకం తీశాను. చార్టు చూపించాను. కొట్టివేతలు కూడా చూపించాను, ఎందుకు కొట్టేశానో చెప్పాను. చుట్టూ పదిమంది చేరారు. ఒకాయన తన ఎద్దుకు ఎన్ని గింజలని అడిగాడు. చార్టులో ఎద్దు లేదన్నాను.

మల్దకల్ ఆయన పగ్గం నా చేతిలో పెట్టాడు. "వద్దు తల్లీ. మాకు పాలిచ్చే బర్రె గావాలె. పుస్తకమున్న బర్రె గాదు."

11.00 ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళకూ చెప్పాను.

12.00 ఎవరూ రావడం లేదు. దూరం నుంచే చూసి నవ్వుకుంటూ పోతున్నారు.

కురుమూర్తి ట్రాలీ నీడలో కూర్చుని తల పట్టుకున్నాడు. "నోరు మూసుకొని నిలబడనీకి రాదా అమ్మా నీకు?"

"ఒట్టు పెట్టుకున్ననురా. నిజమే చెప్తనని."

"ఆ ఒట్టు పుస్తకానికి గదా!"

"పుస్తకంల తప్పింది బిడ్డా. ఈడన్న నిలుపుకోనియ్యి."

వాడు బీడీ ముట్టించాడు. తర్వాత బీడీ పారేసి బర్రెను ట్రాలీ ఎక్కించాడు. బర్రె ఎక్కనంది. నేను ముందు ఎక్కితే ఎక్కింది.

4.00 ఇల్లు. ట్రాలీకి ఎన్ని గింజలని డ్రైవరును డీజిలు అడిగి లెక్క వేశాను. పోనూ రానూ పదహారు. బర్రె రెండు రోజులు నెమరు వేసినదాని కంటే ఎక్కువ! ఈ సంగతి కురుమూర్తికి చెప్పబోయాను. వాడి ముఖం చూసి ఊరుకున్నాను.

వసంత గడప మీద నిలబడి ట్రాలీలోంచి ముందు నేను, నా వెనక బర్రె దిగడం చూసింది. కురుమూర్తి జరిగిందంతా చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో వాడికే నవ్వొచ్చింది. వసంత నవ్వలేదు.

"అత్తా, నీ బర్రె ఉండనీ. ఇయ్యాల్టి సంది గడ్డి నీది. పెండ నీది. కొట్టం నీది. నేను కట్టెలకొక్కదానికే పోత."

"నాకు నడుమొంగదు గదనే."

"సంతల నాలుగు గంటలు నిలబడనీకి ఒంగింది గదా."

ఒప్పుకున్నాను. గడ్డికి పోతే గట్టు మీద పాములుంటాయి. కాలు జారితే? ఎండదెబ్బ తగిలితే? కానీ ఒప్పుకున్నాను.

26 జులై, ఆదివారం

సారు వచ్చాడు. నా పుస్తకం మొత్తం చదివాడు ఈసారి. కొట్టివేతలు, పైన రాసినవి, పక్కన రాసినవి. గ్రహణం పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"పెద్దమ్మా, గిన్ని రాసినవ్. ఇందుల ఏది నిజం?"

వేలు పెట్టి చూపించాను. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. "ఈ మూడు దినాలు సారూ. మిగతాయి నా రంది."

నవ్వాడు. కోప్పడతాడనుకున్నాను. ఇరవై ఒక్క రోజుల్లో మూడు రోజులంటే తక్కువేమీ కాదన్నాడు. ఇంకో పుస్తకం ఉందా అని అడిగాను. బ్యాగులో ఒకటే ఉంది. కాంతమ్మ కూడా చెయ్యి చాపింది. నేను ముందు పట్టుకున్నాను.

27 జులై, సోమవారం

కొత్త పుస్తకం. ఒకటో రోజు. పేరు రాశాను. "ము" సన్నగా కుదిరింది.

5.00 పొయ్యి. అన్నీ ఒక మంట మీద. కట్టెలు 6.
5.45 పాలు. బర్రె 7.
8.00 కాంతమ్మతో కలిసి గట్టుకు, గడ్డికి. నడిచే పోయాం. నడకకు గింజ లేదు. పాములు కనిపించలేదు. చిన్న మోపు. దారి పొడుగునా ఏనుగు ఏనుగు అని ఏడిపించింది కాంతమ్మ.
1.00 అన్నం. నడుము నొప్పి. ఇంత నొప్పిలో దడ ఉందో లేదో తెలియలేదు.
4.30 పాలు పితికాను. గింజ వేయలేదు.
5.30 కొట్టం ఊడ్చాను. పెండ నాలుగు గంపలు. పెంటకుప్ప మీద వేస్తుంటే అందులోంచి వెచ్చగా ఆవిరి లేచింది. నిలబడి చూశాను. లోపల ఏదో ఉడుకుతున్నట్టే ఉంది.

చేతులు కడుక్కుని వచ్చి చార్టు చూశాను. పొయ్యి ఉంది. బల్బు ఉంది. బస్సు ఉంది. బర్రె ఉంది. పెంటకుప్ప బొమ్మ లేదు.

దీనికి ఎన్ని గింజలో సారును అడిగితే చెప్తాడు.

అడగను.

మిగతాదంతా నిజమే రాస్తాను.